హెచ్చరిక బొమ్మ లేని చుట్ట

పొగాకు నియంత్రణలో ఏ దేశం ఎంతవరకు వచ్చిందో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 నుంచి లెక్కకట్టి నివేదికలు వెలువరిస్తున్నది. బహిరంగ స్థలాలలో పొగ నిషేధం, అలవాటు మాన్పించే సహాయం, పెట్టెలపై హెచ్చరిక, ప్రకటనల నిషేధం, పన్ను మొదలైనవి అందులో కొలతలు. హెచ్చరికల విషయంలో మన దేశానిది పై వరుస. 2016 ఏప్రిల్ నుంచి సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక ఉండి తీరాలి. సంతోషించదగినదే.

కాని ఆ మార్కు పెట్టెకు వచ్చింది. బడ్డీకొట్టులో విడిగా ఒక్క సిగరెట్టు కొనేవాడికి పెట్టె కనబడదు. ఇక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలలో అడ్డపొగ తాగే ఆడవారి సంగతి ఏమిటి? నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ చుట్ట చాలావరకు ఇంట్లో చుట్టుకున్నదే. దానికి పెట్టె లేదు, బొమ్మ లేదు. ఆ నిప్పు సెగ, పొగ అంగిలికి కేన్సర్ తెస్తాయని వైద్యులు చెప్పి అర్ధశతాబ్దం దాటింది. ఏ దేశం మార్కులలోనూ ఆ అంగిలి లెక్కకు రాదు.

అమలును అసలు కొలవడం లేదని కాదు. పొగ నిషేధం, ప్రకటనల నిషేధం ఎలా సాగుతున్నాయో ప్రతి దేశంలోనూ కొద్దిమంది నిపుణులను అడిగి అంచనా వేస్తున్నారు. ఇంత పెద్ద దేశానికి ఆ కొద్దిమంది మాట ఏపాటి?

ఇంటింటికీ తిరగడం కుదరదనే వాదన చెల్లదు. 1960లలోనే శ్రీకాకుళంతో సహా అయిదు జిల్లాలలో పరిశోధకులు 50 వేల మందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించారు. నేడు ఆశా కార్యకర్తలు ఎలాగూ గడప గడపకూ వెళుతున్నారు. 30 ఏళ్లు దాటిన వారికి నోటి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నది. అందులో అడ్డపొగకు వేరే గడి ఉండాలి. తెల్లమచ్చలు, మానని పుండ్లు కనబడిన వారిని ఆస్పత్రికి చేర్చే పూచీ ఎవరిదో కూడా అక్కడే రాయాలి.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని, 18 ఏళ్లు నిండని వారికి అసలే అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నది. దీన్ని కొలవడానికి నిపుణులు అక్కరలేదు, టేపు చాలు. ఈ రెండు లెక్కలూ పంచాయతీల వారీగా తీసి, ఏటా మండల కార్యాలయం గోడకు అంటించవలసిందిగా జిల్లా అధికారులు ఆదేశించాలి.