ఢిల్లీ గద్దెపై పార్టీని మార్చాలా? పల్లె ఓటరు వేసుకోవలసిన లెక్క

లోక్‌సభ ఎన్నికలు మళ్లీ 2029లో జరగవలసి ఉంది. ఇంకా వ్యవధి ఉన్నప్పటికీ మన నంద్యాల జిల్లా పల్లెల్లో రచ్చబండల మీద, టీ బంకుల దగ్గర ఆ మాట అప్పుడే నలుగుతోంది. 2014 నుంచి కేంద్రంలో భారతీయ జనతా పార్టీ నాయకత్వాన ప్రభుత్వం నడుస్తోంది. "ఎంతకాలం ఒక్కరే ఏలుతారు? మార్చాల్సిందే" అని ఒకరంటారు. "మార్చినప్పుడల్లా ఏం ఒరిగింది? పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది" అని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అందుకే ఆ వాదన ఎంతసేపు సాగినా తెగడం లేదు.

ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మార్చాలా, ఉంచాలా అన్న దాన్ని ఏ తూకంతో తూచాలి అన్నదే ప్రశ్న. ఎన్నికలు ముంగిట్లోకి వచ్చాక, మైకుల హోరులో, నోట్ల పంపకాల మధ్య ఈ ఆలోచన సాగదు. పైరు కోతకు వచ్చాక కలుపు తీసి లాభం లేదు.

1977లో మనం ఏం చేశాం?

1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. పత్రికలపై సెన్సారు పెట్టారు. లక్ష మందికి పైగా విచారణ లేకుండా జైళ్ల పాలయ్యారు. 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిలో ఎన్నో పల్లెల్లో అవి బలవంతాన జరిగాయి. 1977 మార్చిలో ఎన్నికలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాలలో గాని, బీహారులోని 54 స్థానాలలో గాని కాంగ్రెసుకు ఒక్కటంటే ఒక్కటి దక్కలేదు. రాయబరేలిలో ప్రధాని ఇందిరాగాంధీయే ఓడిపోయారు.

అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలకు 41 కాంగ్రెసుకే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ మన నంద్యాల. ఇక్కడ జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఆయన ముందు లోక్‌సభ స్పీకరై, ఆ జూలైలోనే రాష్ట్రపతి అయ్యారు. ఇది మనకు గర్వకారణమే. అయితే ఆ ఓటు పార్టీని చూసి వేసింది కాదనీ, రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా చేసిన మనిషిని చూసి వేసిందనీ పెద్దలు ఒప్పుకుంటారు. పక్క నియోజకవర్గాలలో ఆవుదూడ గుర్తుకు పడిన ఓట్లే అందుకు సాక్ష్యం.

మా జేజినాయన ఆ ఎన్నికల్లో మా మేనత్త వాళ్ల ఊరి పక్కన, ఆవుదూడకే ఓటు వేశాడు. ఉత్తరాదిలో ఏం జరిగిందో తర్వాత పత్రికల ద్వారా తెలిసింది. "తెలిసింటే ఏం చేసేటోనివి?" అని ఒకసారి అడిగాను. చాలాసేపు పలకలేదు. "మా ఊర్లో ఇండ్ల స్థలాలు ఇచ్చిరి, అప్పులు మాఫీ అనిరి. ఆడ ఏం జరిగిందో మాకు చెప్పినోడు ఎవడు రా?" అన్నాడు.

ఆయన తప్పు చేశాడని నేను అనను. కంటికి కనిపించిన దాన్ని బట్టి ఓటు వేశాడు. పత్రికల నోరు కట్టేసిన రోజుల్లో అంతకు మించి చేయగలిగిందీ లేదు. కాని ఢిల్లీ ప్రభుత్వం మన ఊరొక్క దాని ప్రభుత్వం కాదు. మన మడిలో నీళ్లు పారుతున్నంతసేపు కాలువ చివరి ఊరు ఎండిన సంగతి మనకు పట్టదు. కె.సి. కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. దేశాన్ని ఏలే పార్టీని ఎంచుకునేటప్పుడు చివరి మడి రైతును కూడా తలచుకోవాలన్నది 1977 నేర్పిన మొదటి పాఠం.

మార్పు వలన ఏం మిగిలింది?

మార్చిన వారికి సుఖం దక్కిందా అంటే లేదు. జనతా పార్టీ నాయకులు తమలో తాము కొట్టుకున్నారు. మొరార్జీ దేశాయి 1979 జూలైలో దిగిపోయారు. తర్వాత వచ్చిన చరణ్‌సింగ్ ప్రధానిగా లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు. ఉల్లిగడ్డల ధర కొండెక్కి ఎన్నికల సమస్య అయింది. 1980 జనవరిలో అదే జనం ఇందిరాగాంధీ కాంగ్రెసుకు 353 స్థానాలిచ్చి తిరిగి గద్దెనెక్కించారు. అప్పట్లో మన రాష్ట్రంలో ఉన్న మెదక్ నుంచి కూడా ఆమె గెలిచారు.

మరి మూడేళ్లు తిరగకుండానే తలకిందులైన ఆ మార్పు వృథాయేనా? కానే కాదు. జనతా హయాంలో 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ జరిగింది. అంతకు ముందు "ఆంతరంగిక కల్లోలం" అన్న సాకుతో అత్యవసర పరిస్థితి విధించే వీలుండేది. ఆ సవరణతో సాయుధ తిరుగుబాటు ఉంటే తప్ప ఆ పేరుతో విధించే వీలు లేకుండా పోయింది. మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలన్నారు. అత్యవసర పరిస్థితిలో కూడా మనిషి ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు ఉన్న హక్కును నిలిపివేయరాదన్నారు. జనతా ప్రభుత్వం పోయింది, సవరణ నిలిచింది. తిరిగి వచ్చిన పార్టీ దాన్ని తుడిచివేయలేదు.

ఓటరు గమనించవలసింది ఇదే. కొత్తగా వచ్చేవారు మంచివారు కాకపోయినా, ఉన్నవారిని దింపగలమని ఒకసారి రుజువు చేస్తే తర్వాత ఎక్కే ప్రతివాడూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. కొట్టకపోయినా సరే, ములుగర్ర చేతిలో ఉందని ఎద్దుకు తెలియాలి.

అయితే మాటిమాటికీ మార్చడం కూడా మందు కాదు. 1989 నుంచి 1999 వరకు పదేళ్లలో అయిదుసార్లు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. 1996లో వాజపేయి ప్రభుత్వం 13 రోజులుంది. 1999 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వమే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఎన్నికల ఖర్చంతా చివరకు జనం నెత్తినే పడింది.

"గెలిచే పార్టీకే వేయాలి" అన్న మాట

పల్లెల్లో నాయకులు తరచు చేసే హెచ్చరిక ఒకటుంది. "ఢిల్లీలో గెలిచే పార్టీకి వేయకుంటే నిధులు రావు" అంటారు. చరిత్ర చూస్తే తెలుగువారు ఈ మాటను పెద్దగా లెక్కచేసినట్టు కనిపించదు. 1977లో దేశం ఒకవైపు, మనం ఒకవైపు. 1984 డిసెంబరులో దేశమంతా రాజీవ్‌గాంధీ కాంగ్రెసు వైపు వెల్లువెత్తితే, ఇక్కడ తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. 1989లో దేశం కాంగ్రెసును దింపింది. మనం 42లో 39 కాంగ్రెసుకే ఇచ్చాం. మూడుసార్లు ఎదురీదాం. రాష్ట్రం మునిగిపోలేదు. కేంద్ర పన్నులలో రాష్ట్రాల వాటాకు ఆర్థిక సంఘం సిఫారసులే ఆధారం. అది ఏ ఒక్క మంత్రి దయాధర్మం కాదు.

ఆ హెచ్చరికలో అసలు నిజమే లేదని చెప్పడం కూడా న్యాయం కాదు. 2024లో భారతీయ జనతా పార్టీకి 240 స్థానాలు మాత్రమే వచ్చాయి. మెజారిటీకి 272 కావాలి. తెలుగుదేశానికి ఉన్న 16 మంది అక్కరకు వచ్చారు. ఆ జూలై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల రూపాయలు సమకూరుస్తామన్న ప్రకటన వెలువడింది. 2019లో మనం ఒకే పార్టీకి 25లో 22 ఇచ్చినా, ఢిల్లీలో 303 స్థానాలున్న పార్టీకి ఆ 22తో పని పడలేదు. బేరం సంఖ్యను బట్టి కుదురుతుంది. ఆ సంఖ్య ఎవరికి ఎప్పుడు అవసరమవుతుందో ముందుగా చెప్పగల జ్యోతిషి ఎవరూ లేరు. కనుక గెలుపు గుర్రాన్ని వెతుక్కోవడం ఓటరు పని కాదు.

పెద్ద పదవులు మన గడప దాకా వచ్చినంత మాత్రాన పనులు జరుగుతాయన్నదీ భ్రమే. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.నరసింహారావును నంద్యాల అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించింది. నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం 1996-97లో మంజూరైంది. దానిపై ప్రయాణికుల బండి నడిచింది 2016లో. ఈ ఇరవై ఏళ్లలో ఢిల్లీలో యునైటెడ్ ఫ్రంట్ వచ్చింది, వాజపేయి వచ్చారు, మన్మోహన్‌సింగ్ పదేళ్లు ఏలారు, మోదీ వచ్చారు. పార్టీ మారినంత మాత్రాన పట్టాలు వాటంతట అవి పడలేదు. గెలిపించి పంపిన వారిని జనం విడవకుండా అడగాలి. ఓటు వేసిన మర్నాడే మనం అడగడం మానేస్తున్నాం.

ఊరి గోడ తగాదాలు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటి ఉంది. ఇక్కడ చాలా పల్లెల్లో పార్టీ అంటే వర్గం. అవతలి వర్గం ఏ పార్టీలో ఉంటే ఇవతలి వర్గం దానికి ఎదురు పార్టీలో ఉంటుంది. గట్టు తగాదా, పీర్ల పండుగనాటి గొడవ, సర్పంచు ఎన్నికల పగ, ఇవన్నీ కలిసి పార్లమెంటు ఓటును నిర్ణయిస్తున్నాయి. రెడ్డో, పెద్దమనిషో చెయ్యెత్తి చూపిన గుర్తు మీద ఊరు ఊరంతా నొక్కి వస్తుంది. దేశానికి ఎవరు ప్రధాని కావాలన్నది ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

రాష్ట్రంలో అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకేరోజు పోలింగు జరగడం ఈ గందరగోళాన్ని పెంచింది. ముఖ్యమంత్రి మీద కోపమో అభిమానమో రెండు యంత్రాల మీదా ఒకే గుర్తు నొక్కిస్తోంది. ఓటరు తలచుకుంటే విడదీసి ఆలోచించగలడు. కర్ణాటక జనం 1984 డిసెంబరులో 28 లోక్‌సభ స్థానాలలో 24 కాంగ్రెసుకు ఇచ్చారు. మూడు నెలలకే 1985 మార్చిలో అసెంబ్లీకి జనతా పార్టీని మెజారిటీతో గెలిపించారు. అక్కడి పల్లె రైతు చేయగలిగింది మనం చేయలేమా?

అడగవలసిన మూడు ప్రశ్నలు

మార్చాలా వద్దా అని తేల్చుకోవడానికి ఓటరు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది: కేంద్రం చేతిలో ఉన్న పనులు ఎలా నడిచాయి? పంటలకు మద్దతు ధర ప్రకటించేది కేంద్రం. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వరి క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటించింది. ఆ ధర మన కళ్లంలో చేతికందిందా, దళారి చేతికి తక్కువకు పోయిందా? ఎరువుల మీద రాయితీ, అదనుకు యూరియా, రైళ్లు, బ్యాంకు అప్పులు, సరిహద్దు భద్రత, కులమతాల మధ్య సామరస్యం, ఇవి కేంద్రాన్ని అడగవలసిన లెక్కలు. పింఛను ఆలస్యం, వీధి దీపం, కాలువ పూడిక, ఇవి వేరేవారిని అడగవలసినవి. ఒకరి తప్పుకు మరొకరిని శిక్షించరాదు.

రెండవది: ప్రశ్నించే వాడిని బతకనిచ్చారా? పత్రికలు, కోర్టులు, ఎన్నికల సంఘం, ప్రతిపక్షం భయం లేకుండా పని చేయగలిగాయా? అన్నిటికన్నా ఇది పెద్ద ప్రశ్న. ధర తక్కువైతే వచ్చే ఏడాది పెంచమని అడగవచ్చు. అడిగే నోరే పోతే తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఇందులో తప్పిన పార్టీ మన ఊరికి ఎంత మేలు చేసినా దింపవలసిందే. ఇది ఒక్క పార్టీకి వర్తించే మాట కాదు. 1975లో ఒక పార్టీకి వర్తించింది, రేపు ఏ పార్టీకైనా వర్తిస్తుంది.

మూడవది: బదులుగా వస్తామంటున్న వారి దగ్గర ఏముంది? నాయకుడు ఎవరు, కార్యక్రమం ఏమిటి, అయిదేళ్లు కలిసి ఉండగలరా? పాత ఎద్దును సంతకు తోలేముందు కొత్త ఎద్దు కాడి మోస్తుందో లేదో చూడని రైతు ఉండడు. తిట్ల మీద మాత్రమే బతికే ప్రతిపక్షం గద్దె ఎక్కితే ఏమవుతుందో 1979లో చూశాం.

మొదటి రెండిటిలో ఉన్న పార్టీ నిలిస్తే ఎన్నేళ్లయిందన్న కారణంతో మార్చనక్కరలేదు. నిలవకపోతే, మూడవ ప్రశ్నకు సరైన జవాబు దొరికితే, కులం అనో, వర్గం అనో, అలవాటు అనో మార్చకుండా ఉండటం తప్పు. రెండవ ప్రశ్నలో పూర్తిగా తప్పితే మాత్రం, మూడవదానికి జవాబు అరకొరగా ఉన్నా మార్పు వైపే మొగ్గాలి. 1977లో ఉత్తరాది పల్లె జనం చేసింది అదే. వారిలో ఎంతోమందికి చదువు రాదు. అయినా దేశానికి దారి చూపారు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఎన్నికల ముందురోజు రాత్రి ఇంటికి వచ్చే నోటు అయిదేళ్లకు పంచితే రోజుకు రూపాయో, రెండు రూపాయలో పడుతుంది. ఆ నోటు తీసుకున్నవాడు మర్నాడు పార్టీని మార్చినా, ఉంచినా అది అతని తీర్పు కాదు, ఇచ్చినవాడి తీర్పు. మన జేజినాయనలకు తెలియక తప్పిన విషయాలు నేడు మనకు తెలుసు. తెలిసి కూడా గట్టు తగాదా కోసమో, నోటు కోసమో ఢిల్లీ ఓటును పారవేసుకుంటే, రేపు మన మనుమలు అడిగినప్పుడు "మాకు చెప్పినోడు ఎవడు" అని తప్పించుకునే వీలు మనకు ఉండదు.