కయోటీలూ, మనం పారబోసే అన్నమూ

నక్కతోక తొక్కితే అదృష్టమని చెప్పుకునే జాతి మనది. కానీ అమెరికా శివార్లలో కాపురముండే మనవాళ్ళకు పెరట్లో నక్కలాంటిది కనబడితే మాత్రం గుండె ఝల్లుమంటుంది. నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది అయిన ఆ జంతువు కయోటీ. "వీటన్నిటినీ పట్టి చంపించరేం?" అన్న ప్రశ్న నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట నాకు తరచుగా వినబడుతూంటుంది.

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో మూడేళ్ళ పాప, 2009లో కెనడాలోని నోవా స్కోషియాలో ఒక యువగాయని కయోటీల దాడిలో మరణించారు. ఇలాంటి మరణాలు అత్యంత అరుదే. అయినా పసిబిడ్డ ఉన్న తల్లికి ఆ మాట చెబితే ధైర్యం రాదు.

నా పేచీ భయంతో కాదు, చంపడమే పరిష్కారమన్న నమ్మకంతో. భూతదయ మాట అటుంచండి, అసలా ఉపాయం పారలేదు. అమెరికా వ్యవసాయశాఖ వన్యప్రాణి విభాగం 2021లోనే 64 వేలకు పైగా కయోటీలను చంపింది. నూరేళ్ళకు పైబడి తుపాకులూ, ఉచ్చులూ, విషమూ ప్రయోగించారు. ఒకప్పుడు ప్రధానంగా పడమటి మైదానాల్లో బతికిన జంతువు ఈలోగా అట్లాంటిక్ తీరం దాకా విస్తరించింది. దానికి పోటీగా ఉన్న తోడేళ్ళను మనిషే తుడిచిపెట్టి దారి సుగమం చేశాడు.

కారణం వాటి కుటుంబవ్యవస్థలో ఉంది. సాధారణంగా గుంపులో పెద్ద జంట మాత్రమే పిల్లల్ని కంటుంది, తన హద్దుల్లోకి ఇతరులను రానివ్వదు. ఆ జంటను చంపితే కట్టుబాటు చెదిరి మిగిలిన ఆడవీ ఈనవచ్చు. పోటీ తగ్గి తిండి దొరకడంతో కూనలు ఎక్కువగా బతుకుతాయి. ఖాళీ అయిన చోటికి దేశదిమ్మరి కుర్రకయోటీలు వచ్చి చేరతాయి. ఏటా నూటికి 75 చొప్పున చంపుకుంటూ పోయినా నిర్మూలనకు 50 ఏళ్ళు దాటుతుందని కాలిఫోర్నియా పరిశోధకులు కానలీ, లాంగ్‌హర్స్ట్ 1975లో లెక్కగట్టారు. ఏ ఊరికి సాధ్యమది?

మరి ఊళ్ళో అవి ఏం తింటున్నాయి? షికాగో ప్రాంతంలో స్టాన్లీ గెర్ట్ బృందం 2000 నుంచీ కయోటీల మెడకు రేడియో పట్టీలు కట్టి గమనిస్తోంది. వారు పరీక్షించిన 1,400కు పైగా మలనమూనాల్లో 42 శాతంలో ఎలుకజాతి జీవులున్నాయి. మనుషుల తిండి జాడ కనబడింది దాదాపు 2 శాతంలోనే. అంటే మన మధ్య బతికే కయోటీల్లో అధికభాగం మన చేతికేసి చూడడంలేదు. చేతికేసి చూడడం మరిగినవే తెగిస్తాయి.

ఇక్కడే మనవాళ్ళతో ఒక మాట చెప్పాలి. మిగిలిన అన్నం చెత్తలో వెయ్యడానికి మనసొప్పక, కాకులో పిట్టలో తింటాయని పెరట్లో పెట్టే అలవాటు మనలో చాలామందికుంది. మన ఊళ్ళో అది పుణ్యమే. ఇక్కడ ఆ మెతుకులు ఎలుకలను పిలుస్తాయి, ఎలుకల వెంట కయోటీ వస్తుంది, కొన్నాళ్ళకు మనిషంటే జంకు పోగొట్టుకుంటుంది. చివరికి ఎవరినో కరిచి తూటాకు బలవుతుంది.

మనుషుల మీదికి తెగబడిన జంతువును తొలగించవలసిందే, అందులో నాకు సందేహం లేదు. మిగిలినవాటి విషయంలో పని మనదే. చెత్తడబ్బాకు గట్టి మూత పెట్టాలి, రాలిన పళ్ళు ఏరెయ్యాలి, కుక్క తిండి లోపలే పెట్టాలి, చిన్న కుక్కనూ పిల్లినీ ఒంటరిగా వదలకూడదు. కయోటీ ఎదురైతే వెన్ను చూపి పరుగెత్తకుండా చేతులెత్తి గట్టిగా అరవాలి. మనమంటే దానికి భయం మిగలడమే మన పిల్లలకూ రక్ష, దానికీ రక్ష. ఈసారి అన్నం మిగిలితే మూతున్న డబ్బాలోనే వెయ్యండి.