పెరటి వేపచెట్టూ, మసక వెలుతురూ

మా పెరట్లో ఓ ముసలి వేపచెట్టు ఉంది. ఈ ఏడు మాఘమాసం నాటికి దాని తొర్రలో చిన్న గుడ్లగూబల జంట ఒకటి కాపురం పెట్టింది. గోరువంకంత పిట్టలు, ఒంటినిండా తెల్ల చుక్కలు. దీపాలు పెట్టేవేళకు తొర్రలోంచి తల బయటపెట్టి, కిచకిచమంటూ ఇల్లంతా పరామర్శిస్తాయి.

ఆ కూత చెవినిపడితే చాలు, మా అమ్మకు అన్నం సయించదు. “గుడ్లగూబ ఇంట చేరడం అరిష్టంరా. ఆదివారం మనిషిని పిలిపించి ఆ కొమ్మ కొట్టించు” అంది. అప్పటికి బుధవారం. తొర్రలో పిల్లలున్నాయని మా అమ్మాయి గోల. “నాయనమ్మకు వాటి మొహం దగ్గరగా చూపిస్తే మనసు మారుతుంది నాన్నా” అని కెమేరా పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి తీసిన ఫొటో చూడాలి! పిట్ట ఏదో, బెరడు ఏదో తెలియదు. బొమ్మంతా ఎరుపూ ఆకుపచ్చా కలిపిన ఇసుక చల్లినట్టుంది. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, “నే చెప్పలా? అచ్చం దయ్యంలా ఉంది” అంది. పిట్టకు జరిగిన మేలు అదీ!

ఫొటోలు తీసేవాళ్ళు ‘నాయిస్’ అనే ఈ ఇసుక ఎక్కడినుంచి వస్తుంది? చాలామంది ఐఎస్ఓ అంకె పెంచడమే పాపమనుకుంటారు. అసలు దోషం వెలుతురు చాలకపోవడంలో ఉంది. తుంపర పడుతున్నప్పుడు వాకిట్లో నాలుగు గిన్నెలు పెట్టండి. ఒకదాంట్లో పది చుక్కలు పడితే, పక్కదాంట్లో ఏడే పడతాయి. జడివాన కురిస్తే అన్నీ ఇంచుమించు సమంగా నిండుతాయి. కెమేరాలోని సెన్సార్ మీద లక్షలకొద్దీ ఉన్న గిన్నెలకూ ఇదే లెక్క. సగటున 100 వెలుగు రేణువులు పడేచోట పదింటి తేడా సహజం. అంటే నూటికి పది. 1,600 పడితే తేడా నలభై. నూటికి రెండున్నర మాత్రమే. వెలుతురు పదహారు రెట్లయితే ఇసుక నాలుగోవంతుకు తగ్గుతుందన్నమాట.

ఐఎస్ఓ పెంచడం రేడియో గొంతు పెంచడంలాంటిది. దూరపు స్టేషన్ సరిగా అందనప్పుడు గొంతు పెంచితే, పాటతోపాటు గురగుర కూడా పెరుగుతుంది. గురగుర అప్పుడు పుట్టింది కాదు, మొదటినుంచీ ఉన్నదే.

మా అమ్మాయి చేసిన పొరపాట్లు రెండు. పిట్ట కదులుతుందేమోనని సెకనులో 500వ వంతు వేగం పెట్టింది. ఐఎస్ఓ 6,400 ఉంచినా బొమ్మ ఉండవలసిన దానికన్నా నాలుగు రెట్లు చీకటిగా వచ్చింది. తరవాత దాన్ని కంప్యూటర్‌లో వెలిగించింది. చీకటి బొమ్మను వెలిగిస్తే ముందు పైకి తేలేది ఇసుకే.

“ఫ్లాష్ వేద్దాం నాన్నా” అంది. ఒప్పుకోలేదు. చీకట్లో చూడడానికి ఏర్పడిన కళ్ళవి. పిల్లలకు మేత తెచ్చే వేళ ఆ కళ్ళముందు మెరుపు మెరిపించడం మర్యాద కాదు. తొర్ర దగ్గరకు నిచ్చెన వేయడం, కూత రికార్డు వినిపించి పిట్టను రప్పించడం కూడా అంతే. ఫొటో కోసం గూడు చెదిరితే ఆ ఫొటో మనకెందుకు?

గురువారం పద్ధతి మార్చాం. వంటింటి కిటికీ గట్టుమీద బియ్యం సంచి పెట్టి, దానిమీద కెమేరాను కదలకుండా కూర్చోబెట్టాం. మూడుకాళ్ళ స్టాండు ఉన్నవారికి ఈ తంటా లేదు. వేలి ఒత్తిడికి కెమేరా అదరకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాం. లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటే అంతా తెరిచాం, మాది ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్/2.8 లెన్సు ఉన్న అదృష్టవంతులకు దీనికి నాలుగు రెట్ల వెలుతురు దొరుకుతుంది. వేగం 30వ వంతుకు దించాం. దాంతో వెలుతురు సుమారు పదహారు రెట్లయింది. ఐఎస్ఓ 1,600కు తగ్గించినా బొమ్మ తేటగా వచ్చింది.

అంత నిదానంగా తీస్తే పిట్ట కదలదా? కదులుతుంది! ఈ జాతి గుడ్లగూబ తల పైకీ కిందికీ ఊపుతూ మనిషిని పరీక్షగా చూస్తుంది. ఊపు ఆపిన క్షణం కనిపెట్టి వరసగా పది తీయాలి. ఎనిమిది చెరిగిపోయినా రెండు దక్కుతాయి. ఎగిరే పిట్టకు ఈ ఉపాయం చెల్లదు. దానికి 1,000వ వంతుకు తక్కువైతే రెక్కలు అలుక్కుపోతాయి. అక్కడ ఐఎస్ఓ పెంచి, ఇసుకను భరించవలసిందే. ఇసుక పడ్డ బొమ్మను తరవాత కొంత బాగుచేసుకోవచ్చు. చెరిగిపోయిన బొమ్మను బాగుచేయడం కష్టం. కొల్లేటి ఆటపాకకు గూడబాతులను చూడబోయేవారు పొద్దు కాస్త పైకెక్కాక, సూర్యుణ్ణి వీపువైపు ఉంచుకుని తీస్తే సగం బాధ తీరుతుంది.

ఇంకొక్క మాట. కెమేరాలో ‘రా’ పద్ధతి ఉంటే అందులోనే తీయండి. కంప్యూటర్‌లో నాయిస్ తగ్గించేటప్పుడు వెనకాల ఆకులమీద ఎంతైనా తగ్గించండి గాని, ఈకలమీద చెయ్యి తేలిగ్గా వేయండి. మరీ తోమితే పిట్ట మైనపు బొమ్మ అవుతుంది.

శనివారం సాయంత్రం దొరికింది అసలు బొమ్మ. తొర్ర అంచున తల్లి పిట్ట, దాని నోట చిట్టెలుక. కింద నుంచి రెండు బూడిదరంగు తలలు, నోళ్ళు తెరుచుకుని. ఎలుక మీసాలు కూడా లెక్కపెట్టవచ్చు.

మా అమ్మ చాలాసేపు చూసింది. ఆ నెలలోనే ఎలుకలు రెండు బియ్యం బస్తాలు కొరికాయి.

“ఇది మన కొట్టుగదిలోదేనంటావా?” అంది.

“ఏమో నాయనమ్మా, అడిగి చెప్పనా?” అంది మా అమ్మాయి.

మా అమ్మ నవ్వలేదు. ఫొటో నా చేతికిచ్చి, “పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ మనిషిని రావద్దని చెప్పు” అంది.

ఆదివారం గొడ్డలి రాలేదు. పిల్లలు ఎగిరిపోయి రెండు నెలలైంది. కొమ్మ సంగతి మా అమ్మ మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.