గుంజీలు శిక్ష కాదు

పిల్లలూ! గుంజీలు అనగానే మీకేం గుర్తొస్తుంది? హోంవర్కు చేయని రోజు గుర్తొస్తుంది కదూ! భద్రాచలం అడవి అంచున పాఠాలు చెప్పే నేనూ ఒకప్పుడు ఒక కుర్రాడి చేత వంద గుంజీలు తీయించాను. మర్నాడు వాడు కింద కూర్చోలేకపోయాడు. తప్పు గుంజీలది కాదు, నాది.

అలవాటు లేని పని ఒక్కసారిగా ఎక్కువగా చేస్తే కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ నొప్పి అందుకే. అదే పనిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే కండరాలు బలపడతాయి. మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగదు, బలం మాత్రం పెరుగుతుంది. ఎలాగంటారా? ఎక్కువ పోగులను ఒకేసారి పనిలోకి దించడం నరాలు నేర్చుకుంటాయి. బరువు పడితే ఎముకలూ గట్టిపడతాయి. భారం తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల ఎముకలు నెలకు సుమారు 1 శాతం క్షీణిస్తాయి మరి!

"బరువులెత్తితే పొడుగు పెరగరు", "ఆడపిల్లలకెందుకు?" అంటుంటారు. రెండూ సరికావు. తెలిసినవారి పర్యవేక్షణలో సరిగా చేసే వ్యాయామం ఎదుగుదలను ఆపుతుందనడానికి ఆధారం లేదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు పద్ధతుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయ్యారు.

"కట్టెల మోపులు, తునికాకు మూటలు మోస్తూనే ఉన్నాం కదా, మళ్ళీ ఇదెందుకు?" అంటారేమో. మీ శక్తిని చూసి మూట బరువు తగ్గదు. వ్యాయామంలో కొలత మీ చేతిలో ఉంటుంది. పైగా గుంజీలు వచ్చినవారికి మూట ఎత్తడమూ తెలుస్తుంది: నడుం వంచి కాదు, మోకాళ్ళు వంచి లేవాలి.

ఇలా మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి. తర్వాత 10 గుంజీలు, గోడకు చేతులానించి 8 దండీలు తీయండి. కాస్త ఆగి మరోసారి చేయండి. ఊపిరి బిగబట్టవద్దు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చాలు. తేలికనిపించాకే రెండేసి పెంచండి. కీళ్ళలో నొప్పి వస్తే ఆపేయండి. పప్పు, గుడ్డు తినండి, నీళ్ళు బాగా తాగండి. మన ఏజెన్సీ పిల్లల్లో కొందరికి సికిల్ సెల్ వ్యాధి ఉంటుంది. వారూ, గుండెజబ్బు ఉన్నవారూ డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాలి.

బడిలో శారీరక శిక్షలను 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. అయితే గుంజీలను బడి నుంచే వెళ్ళగొట్టకూడదు, ఆటల పీరియడ్‌లోకి తేవాలి. మీ మాస్టారికి ఈ పేజీ చూపించి అడగండి. ఆయన కూడా మీతోపాటు పది తీస్తే మరీ మంచిది. నేను తీస్తున్నాను!