రక్తపరీక్షయు శీలపరీక్షయు

రోగమును కనిపెట్టుటకు పుట్టిన పరీక్ష మనుష్యుని శీలమునకు తీర్పరి కారాదు. ఈ మాటను అందఱును ఒప్పుకొందురు, ఆచరణమున మఱచుచున్నారు. గర్భిణీస్త్రీలకు చేయు రక్తపరీక్షలలో వి.డి.ఆర్.ఎల్. అనునది యొకటి. సవాయి వ్యాధిని పసికట్టుటకై యేర్పడినది. అందు 'పాజిటివ్' అను మాట కానవచ్చినంతనే ఇంట గుసగుసలు బయలుదేరును. నిందలో పెద్దపాలు ఇల్లాలిపైననే పడును. ఆ నింద నిరాధారము కావచ్చునని చెప్పువారు అరుదు.

ఈ పరీక్ష చూచునది సవాయి క్రిమిని కాదు. 1906లో జర్మనీలో వాసర్మన్ ప్రభృతులు ఇట్టి పరీక్షను తొలుత కల్పించినపుడు రోగగ్రస్తమైన పిండముయొక్క కాలేయసారమును వాడిరి. రోగమెఱుగని ఎద్దుగుండె సారము సయితము ఆ పని చేయునని అనతికాలముననే తేలెను. 1941లో మేరీ పాంగ్‌బర్న్ ఆ గుండెనుండి కార్డియోలిపిన్ అను క్రొవ్వుపదార్థమును వేఱుపఱచెను. 1946లో వెలువడిన వి.డి.ఆర్.ఎల్. దానిపైననే నిలిచియున్నది. ఆ క్రొవ్వు మన జీవకణములలోను కలదు. సవాయి సోకినపుడు దానికి విరుద్ధముగా రక్తమున ప్రతిరక్షకములు పుట్టును. పరీక్షకు చిక్కునవి అవియే. అవి వేఱొక కారణముచే పుట్టినను పరీక్ష ఆ భేదమెఱుగదు.

అట్టి కారణములలో ముఖ్యమైనది లూపస్. శత్రువు నెదిరింపవలసిన రక్షణశక్తి స్వశరీరముపైననే తిరుగబడు వ్యాధి యిది. కంచెయే చేను మేసిన చందము. దీని పాలబడువారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. 1949లో నెల్సన్, మేయర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు సవాయి క్రిమికే ప్రత్యేకమైన పరీక్షను కనిపెట్టిన పిమ్మట, రోగులని ముద్రపడినవారిలో పలువురకు ఆ రోగమే లేదని తేలెను. దీర్ఘకాలము మిథ్యాఫలము చూపినవారిలో కొందఱకు లూపస్ కలదని మూర్, లట్జ్ అను వైద్యులు 1955లో ప్రకటించిరి. 1982 నాటికి ఈ మిథ్యాఫలమే లూపస్‌ను గుర్తించు లక్షణములలో నొకటిగా వైద్యుల పట్టికలో చేరెను. నిందాపత్రమనుకొన్నది మఱొక రోగమునకు ఆనవాలైనది!

ఈ జాతి ప్రతిరక్షకములు కొందఱిలో రక్తమును గడ్డకట్టించి మాటిమాటికి గర్భస్రావము కలిగించును. 1983లో లండనున గ్రహాం హ్యూస్ ఈ లక్షణసముదాయమును వర్ణించెను. ఇచ్చటను పరీక్ష తికమకపెట్టును: వీరిలో కొందఱి రక్తము గాజుగొట్టమున ఆలస్యముగా గడ్డకట్టును, దేహమునందో గడ్డకట్టు స్వభావమే హెచ్చు. ఆస్పిరిన్, హెపారిన్ మందులతో అట్టి తల్లులు పెక్కండ్రు బిడ్డలను కనుచున్నారు. సవాయి లేదని తేలినంతనే కాగితమును పాఱవైచినచో ఆ తల్లికి ఈ సాయము అందదు.

పరీక్షయే వలదని మా వాదము కాదు. సవాయిని ఉపేక్షించినచో గర్భస్థశిశువు మరణింపవచ్చును. సకాలమున ఇచ్చిన పెన్సిలిన్ ఆ ఆపదను తప్పించును. గర్భిణికి జాగ్రత్తకై వెంటనే మందిచ్చినను మేము ఆక్షేపింపము. కాని మందు వేఱు, తీర్పు వేఱు. గట్టు తగవునైనను ఒక్క సాక్షి మాటపై తీర్చని మనము, ఒక్క కాగితముపై ఒక స్త్రీ బ్రదుకును తీర్చుట న్యాయమా?

కావున వి.డి.ఆర్.ఎల్. పాజిటివ్ అయినపుడు టి.పి.హెచ్.ఏ. వంటి రెండవ పరీక్ష తప్పక జరుగవలయును. 'ఇది తుదినిర్ణయము కాదు' అని పరీక్షాశాలలు తమ పత్రములపై తెలుగున అచ్చొత్తింపవలయును. రెండవ పరీక్షలో సవాయి జాడ లేనిచో మలేరియా వంటి తాత్కాలిక కారణమో, లూపస్ వంటి దీర్ఘవ్యాధియో విచారింపవలయును. కీళ్లనొప్పులు, ముఖమున ఎఱ్ఱని దద్దురు, గర్భస్రావములు కలవేమో అడుగవలయును. కార్డియోలిపిన్ ప్రతిరక్షకములు కనబడినచో పండ్రెండు వారముల పిదప మరల చూడవలయును. రోగి యనుమతి లేక ఫలమును అన్యులకు తెలుపరాదు.

నిజముగా సవాయియే యున్నను అది చికిత్సింపదగిన రోగమేకాని నేరము కాదు. భర్తవలన భార్యకు సోకుటయు సామాన్యమే. గృహస్థులారా! ఒక్క కాగితమును చూచి కోడలిని పుట్టింటికి పంపకుడు. రెండవ పరీక్ష చేయించితిరా యని ముందు వైద్యుని అడుగుడు.