పది పౌండ్లు చేతుల పెట్టిండు

ఈసారి పోస్టు జర పొడుగుంటది. సైటుకు పోయేటప్పుడు బస్సులో చదువుకోండి.

పోయిన ఆదివారం మా రూమ్‌లో ఒక ఇంగ్లీషు సినిమా చూసినం. పేరు 'సెక్సీ బీస్ట్'. పేరు చూసి మమ్మల్ని అనుమానపడకండి, అసువంటి సినిమా కాదు. 2000లో వచ్చిన బ్రిటన్ గ్యాంగ్‌స్టర్ సినిమా, జోనథన్ గ్లేజర్ అనే డైరెక్టర్‌కు అదే మొదటి సినిమా. గంటన్నర కూడా ఉండదు. రూమ్‌లో ఆరుగురం ఉంటం. ఇంటర్ చదివిన తమ్ముడు ఒకడు కింద వచ్చే అక్షరాలు చదివి తెలుగులో చెప్తుంటే మిగతావాళ్లం చూసినం. బూతులు మాత్రం తమ్ముడు చెప్పలేదు, మేం అడగలేదు. అవి ఏ భాషలోనైనా అర్థమైతయి.

సినిమా అయినంక రూమ్‌లో పెద్ద పంచాయితీ నడిచింది. పొద్దున నాలుగున్నరకు లేవాలని కూడా మరిచిపోయినం. ఆ పంచాయితీలో మా మాట ఎవరూ ఒప్పుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నం.

కథ చిన్నదే. గాల్ అని ఒక లండన్ దొంగ. చేసిన దొంగతనాలు చేసి, ఇక చాలనుకొని, భార్య డీడీతో స్పెయిన్‌కు వచ్చి కొండ కింద ఒక విల్లాలో ఉంటున్నాడు. సినిమా మొదలుకాంగనే స్విమ్మింగ్ పూల్ పక్కన పండుకొని, ఎండకు కాలుకుంట, ఆహా ఎంత సుఖం అనుకుంటుంటాడు. మాకు అక్కడే నవ్వొచ్చింది. మనకు ఇక్కడ దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పగలు పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండల పని చేయించొద్దని సర్కారు రూలు. ఆ రెండున్నర గంటలు నీడ దొరికితే అదే మన స్పెయిన్. ఇక్కడ చూస్తే ఎండను పైసలు పెట్టి కొనుక్కున్నోడు!

అంతలో కొండ మీదికెళ్లి పెద్ద బండ దొర్లుకుంట వచ్చి, గాల్‌ను వెంట్రుకవాసిలో తప్పి, పూల్‌లో పడుతుంది. చూసేటోళ్లు ఎవరైనా అబ్బ అంటరు. మేం మాత్రం, ఇప్పుడు అడుగు పగలగొట్టాలె, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చెయ్యాలె, టైల్స్ మళ్లీ పరవాలె అని లెక్క వేసుకుంటున్నం. విల్లాలు కట్టి కట్టి మా కండ్లు అట్లయినయి.

అసలు బండ తర్వాత వస్తుంది. దాని పేరు డాన్ లోగన్. లండన్‌లో ఒక పెద్ద దొంగతనానికి గాల్ కావాలి, తీసుకురమ్మని డాన్‌ను పంపిస్తారు. గాల్, డీడీ, వాళ్ల దోస్తు జంట ఒకటి, నలుగురూ హోటల్‌లో తినడానికి కూర్చుంటారు. డాన్ ఫోన్ చేసిండు, వస్తున్నడు అని దోస్తు చెప్తాడు. అంతే. నలుగురి మొహాలు వాడిపోతయి. ఇంకా మనిషి రాలేదు, పేరే వచ్చింది. ఆ సీను మాకు బాగా ఎక్కింది. ఊరి నుంచి కొందరి పేర్లు ఫోన్ మీద కనిపిస్తే మనకు ముద్ద దిగదు, మీకూ తెలుసు.

ఇగ ఆ డాన్ వేషం వేసింది ఎవరో తెలుసా? బెన్ కింగ్‌స్లీ. అదే, 1982లో వచ్చిన 'గాంధీ' సినిమాలో గాంధీగా చేసినాయన. మాకు ఆయన మొహమే గాంధీ మొహం. మా వరంగల్ పెద్దాయన లేచి కూర్చొని, "గాంధీ తాత గిన్ని బూతులు మాట్లాడుడేందిరా" అన్నడు. పాత్రలో అంత నిజంగా ఉన్నడు మరి. గాంధీకి ఆస్కార్ వచ్చింది, ఈ డాన్ వేషానికి మళ్లీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆయన అసలు పేరు కృష్ణ భాంజీ, తండ్రి వైపు గుజరాతీలు, ఆఫ్రికా మీదుగా ఇంగ్లండ్ పోయిన కుటుంబం. ఆయన ఇంటోళ్లు కూడా మన లెక్క వలసపోయినోళ్లే.

ఇంగ్లీషు దొంగలు స్పెయిన్‌లోనే ఎందుకున్నరు అని ఒక తమ్ముడు అడిగిండు. ఇది కట్టుకథ కాదు. 1978లో బ్రిటన్‌కు, స్పెయిన్‌కు నడుమ ఉన్న నేరస్తుల అప్పగింత ఒప్పందం పోయింది. 1985లో గానీ కొత్తది రాలేదు. నడుమ ఆ ఏడేండ్లు లండన్‌లో దొంగతనం చేసినోడు స్పెయిన్ సముద్రం ఒడ్డుకు చేరితే బ్రిటన్ పోలీసులు వాపస్ తెప్పించుకోలేకపోయిండ్రు. కోస్టా దెల్ సోల్ అనే ఆ తీరానికి బ్రిటన్ పేపరోళ్లు 'కోస్టా దెల్ క్రైమ్' అని పేరు పెట్టిండ్రు. బార్లు, పడవలు, పూల్‌లు, అంతా సుఖమే. అయితే సుఖం ఎంతకాలం? 1963లో ఇంగ్లండ్‌లో జరిగిన పెద్ద రైలు దోపిడీలో ఉన్న చార్లీ విల్సన్‌ను 1990లో అక్కడి మార్బెయాలో ఆయన సొంత ఇంట్లోనే కాల్చి చంపిండ్రు. అదే దోపిడీలో ఉన్న రానీ బిగ్స్ 1965లో జైలు గోడ దూకి, చివరికి బ్రెజిల్ చేరి, ఎన్నో ఏండ్లు అక్కడ బతికి, 2001లో ముసలితనంలో తనే విమానం ఎక్కి ఇంగ్లండ్‌కు వచ్చిండు. దిగినంక తీస్కపోయి మళ్లీ జైల్లోనే పెట్టిండ్రు.

ఇంకో సంగతి. పరాయి దేశంలో ఇట్ల ఉండే తెల్లవాళ్లను 'ఎక్స్‌పాట్' అంటరు. మనల్ని 'లేబర్' అంటరు. బ్యాంకు దోచి పోయినోడైనా ఎక్స్‌పాటే. ఒక్క దిర్హమ్ దొంగతనం చేయనోడు, జీతం ఇస్తలేరని కంపెనీ నుంచి వెళ్లిపోతే వానికి పరారీ కేసు. ఆ మాటకు ఏం చేస్తం, పోనీ.

సినిమాకు వద్దాం. డాన్ వచ్చి ఇంట్లో దిగుతాడు. పని ఉంది, రావాలె అంటాడు. గాల్ రాను అంటాడు. మర్యాదగా అంటాడు, నవ్వి అంటాడు, బతిమాలి అంటాడు. డాన్‌కు ఆ మాట చెవిలో పడదు. అడిగిందే అడుగుతాడు, మేకు మీద సుత్తితో కొట్టినట్టు ఒకే మాట మళ్లీ మళ్లీ. కొట్టుడు తర్వాత, మొదలు మాటలే. పాతవి తవ్వుతాడు. డీడీ ఒకప్పుడు ఏ పని చేసిందో ఎత్తి పొడుస్తాడు. నువ్వు ఎవడివి, నువ్వు ఎట్ల బతికినవు అని యాది చేస్తాడు.

రూమ్‌లో పంచాయితీ ఇక్కడే. మా పిల్లలు ఏమన్నరంటే, గాల్ పిరికోడు, అంత పెద్ద దేహం పెట్టుకొని గంత సన్నపాటి మనిషికి భయపడుడేంది, మొదటి రోజే వెళ్లగొడితే అయిపోవు అని. మేం ఒప్పుకోలేదు. గాల్ పిరికోడు కాదు. వాడు 'వద్దు' అన్నది నిజం, చాలాసార్లు అన్నడు. అయితే ఆ మాట అనేకంటే ముందు వచ్చినోన్ని ఇంట్లోకి రానిచ్చిండు, కూర్చోబెట్టిండు, మర్యాద చేసిండు. ఒకసారి మనం మర్యాద చేసినంక మన వద్దుకు విలువ ఉండదు. బేరం మొదలైనట్టే అనుకుంటడు వచ్చినోడు.

ఇది మేం సినిమా చూసి నేర్చుకున్నది కాదు. మాకు జరిగింది. ఎవరికీ చెప్పలేదు, రూమ్‌లో కూడా సగమే తెలుసు.

మమ్మల్ని మొదటిసారి ఇక్కడికి పంపింది మా పక్కూరి ఏజెంటు. అప్పుడు మేం సెంట్రింగ్ హెల్పర్. ఆ వీసా నిజమైన వీసా, అబద్ధం చెప్పొద్దు. ఇన్నేండ్లకు సూపర్‌వైజర్ అయినం. 2023ల సెలవు మీద ఊరికి పోతే ఆయన ఇంటికొచ్చిండు. మా అవ్వ చాయ పోసింది. కుర్చీల కూర్చొని, "పటేలా, ఇద్దరు పిల్లలున్నరు, విజిట్ వీసా మీద పంపుతున్న, అక్కడ దిగినంక కంపెనీ వీసా అయితది, నువ్వు ఒక మాట చెప్తె వాళ్ల తండ్రులు నమ్ముతరు" అన్నడు. మేం కాదన్నం. విజిట్ మీద పనికి వచ్చుడు ఎంత కష్టమో మాకు తెలుసు. పది పాసు కాని పిల్లల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె, అది తప్పించుకోవడానికే ఈ విజిట్ దారి అని కూడా తెలుసు. మళ్లీ వచ్చిండు. మళ్లీ కాదన్నం. మూడోసారి మా నాయన ముంగట, "ఆనాడు నేను పంపకపోతే నువ్వు ఇయ్యాల బర్లు కాసుకుంట ఉంటుంటివి" అన్నడు. నాయన తల కిందికేసుకున్నడు.

సరే, ఒక మాటే కదా అని చెప్పినం. సైట్‌లో హెల్మెట్ పెట్టుకొని దిగిన ఫోటో కూడా ఇచ్చినం. ఆ ఫోటో చూపించి ఇద్దరి దగ్గర ఒక్కొక్కరికి లక్షా పదివేలు తీసుకున్నడు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

పిల్లలు దిగిండ్రు. కంపెనీ వీసా లేదు, కంపెనీయే లేదు. విజిట్ అయిపోయినంక రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడుకుంట పోయింది. పగలు దొంగచాటు పని, రాత్రి ఎవరి బెడ్ ఖాళీ ఉంటే అక్కడ. మన భాషల ఖల్లివల్లి అయిండ్రు. మేం కొన్నాళ్లు అన్నం పెట్టినం, క్యాంపు వాచ్‌మన్ పట్టుకుంటడని భయపడి పంపేసినం. అది కూడా రాయాలె కాబట్టి రాస్తున్నం. 2024 సెప్టెంబర్‌ల ఇక్కడి సర్కారు క్షమాభిక్ష పెడితే జరిమానా లేకుండ ఔట్‌పాస్ మీద ఇద్దరూ ఇంటికి పోయిండ్రు. అప్పు మాత్రం మాఫీ కాలేదు.

అందుకే రూమ్‌లో పిల్లలు గాల్‌ను పిరికోడు అంటే మాకు కోపమొచ్చింది.

సినిమాలో డాన్ ఒకసారి వెళ్లిపోతాడు కూడా. విమానం ఎక్కుతాడు, సిగరెట్ ఆర్పమంటే ఆర్పడు, గొడవ చేస్తే దించేస్తారు, మళ్లీ ట్యాక్సీల తిరిగి వస్తాడు. ఈ మనుషులు పోయినట్టే పోయి మళ్లీ వస్తరు. కొట్లాట అయి, డీడీ తుపాకి తీసి కాలుస్తుంది. శవాన్ని ఆ పూల్ కిందనే పూడుస్తారు. రిపేరు ఎట్లాగూ నడుస్తున్నది కదా. మా వృత్తి బుద్ధి ఊరుకోదు, దాని మీద కాంక్రీటు ఎన్ని ఇంచులు పోసిండ్రో అని అడిగితే పిల్లలు నవ్విండ్రు.

ఇంత జరిగినా గాల్ లండన్ పోవాల్సే వస్తుంది. పోకపోతే అనుమానం వస్తుంది కదా. దొంగతనం చూడాలె. హమాం లోపల నీళ్ల తొట్టి నుంచి గోడ తొలిచి పక్కనున్న లాకర్ల గదిలోకి దూరుతారు. నీళ్లల్ల మునిగి డ్రిల్లింగ్! మా డ్రిల్లర్ భాయ్ పెషావర్‌వాడు, వాకిట్ల నిలబడి చూసుకుంట "కరెంటు వైరు ఎక్కడ పెట్టిండ్రు" అని ఒకటే అడుగుడు.

అయితే ఈ సినిమాలో గట్టి సీను దొంగతనం కాదు. పని అయినంక పెద్ద గ్యాంగ్‌స్టర్ టెడ్డీ బాస్ కారు మీద గాల్‌ను దింపుతూ కూలి ఇస్తాడు. లాకర్లన్నీ దోచిన పనికి గాల్ చేతుల పది పౌండ్లు. అంతే. డాన్ సంగతి నాకు తెలుసు, నువ్వేం చేయలేవు అని ఆ పది పౌండ్ల నోటుతోనే చెప్తాడు. గాల్ నోరెత్తడు, తీసుకుంటాడు. చూసుకుంట మేం ఎవరమూ మాట్లాడలేదు. మూడు నెలల జీతం బాకీ పెట్టి చివరికి టికెట్ చేతుల పెట్టిన సూపర్‌వైజర్లను, ఆ టికెట్ తీసుకొని సలాం కొట్టినోళ్లను మా రూమ్‌లో అందరం చూసినం. ఒక్కోసారి ఆ టికెట్ పెట్టిన చేయి మాదే.

సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్‌లు ఎవరన్నా చదువుతుంటే ఒక మాట. సెలవుకు పోయినప్పుడు ఎవరైనా ఏజెంటు వస్తే వాకిట్లనే లైసెన్సు నంబర్ అడగండి, ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో ఫోన్‌లనే చూడొచ్చు. నంబర్ లేకుంటే చాయ పోయకండి. మొహమాటం అయితది, మాకు తెలుసు. ఫోటో మాత్రం ఇయ్యకండి, వాయిస్ మెసేజ్ అసలే ఇయ్యకండి.

మొన్న ఆ ఏజెంటు కొత్త నంబర్ నుంచి ఫోన్ చేసిండు. పన్నెండుగురు టైల్ మేస్త్రీలు కావాలట. మేం కట్ చేసినం. మళ్లీ చేసిండు, మళ్లీ కట్ చేసినం. బ్లాక్ చేసినం గానీ నాయనకు ఫోన్ చేస్తడేమోనని భయం పోలేదు.

ఆ ఇద్దరిలో పెద్దోడు ఇప్పుడు కరీంనగర్‌ల ఆటో నడుపుతున్నడు, పండుగకు మెసేజ్ పెడ్తడు. చిన్నోనికి నెలకు ఐదు వేలు పంపుతమని కబురు పెట్టినం. ఫోన్ ఎత్తుతలేడు.