ద్రాక్ష చదువు సారాయి చదువా?



మన పిల్ల ఒకతె ఉద్యానశాస్త్రంలో పైచదువుకు సాయం అడిగింది. వైన్ ద్రాక్షలో కొత్త రకాలు పుట్టించే పని నేర్చుకుంటానని అర్జీలో రాసింది. కమిటీ తోసేసింది. నిధి డాక్టరు, ఇంజనీరు చదువులకే అన్నారు. అది రూలు, మార్చుకోవచ్చు. "అది సారాయి చదువు గదా" అన్నారు చూడండి, దానికి నాకు ఒళ్లు మండింది. పోయిన ముహూర్తాల్లో మండపం వెనకాల ఏరిన సీసాల్లో ద్రాక్షతో చేసింది ఒక్కటైనా ఉండాదా?

ఆ పని ఏందో తెలుసుకోండి. పూత విచ్చకముందే ఒక్కొక్క మొగ్గ టోపీని కేసరాలతో సహా చిన్న పట్టకారుతో తీసేయాల. ఇంకో రకం పుప్పొడి అద్ది సంచి కట్టాల. వచ్చిన గింజ మొలిచి కాపుకొచ్చేదానికే కొన్నేండ్లు. వందల మొక్కల్లో ఒకటో రెండో మిగులుతాయి. తెగులును తట్టుకుంటాయా, రసం రంగు నిలుస్తాదా అని మళ్లీ ఏండ్ల తరబడి చూడాల.

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో హెరాల్డ్ ఓల్మో అనే శాస్త్రవేత్త 1936లో చేసిన సంకరం 'రూబీ కాబర్నే' పేరుతో రైతు చేతికొచ్చింది 1948లో. పన్నెండేండ్లు! అదే ఏడు ఆయన అడవి ద్రాక్ష వెతుక్కుంటా ఇరాన్, ఆఫ్గనిస్తాన్ తిరిగినాడు. 1958లో ఆయన ఇచ్చిన 'రూబీరెడ్'కు గుజ్జు కూడా ఎరుపే. దాన్నే తండ్రిగా పెట్టి ఢిల్లీ పూసా సంస్థ వాళ్లు 'పూసా నవరంగ్' పుట్టించినారు. అది వైన్‌కూ పనికొస్తాది, పిల్లలు తాగే ఉత్త రసానికీ పనికొస్తాది. బెంగళూరు పక్కన హెసరఘట్టలో 'బెంగళూరు బ్లూ'ను 'బ్లాక్ చంపా'తో కలిపి 'అర్క శ్యామ్' తెచ్చినారు. అదీ వైన్ రకమే, పక్షికన్ను తెగులును తట్టుకుంటాది. మందుకొట్టే ఖర్చుతో అల్లాడే రైతును అడగండి దాని విలువ.

ఇదంతా దూరదేశం కథ కాదు. కంబం పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ లోయలోనే ఆనైమలయన్‌పట్టిలో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉండాది. వ్యవసాయ కళాశాల అయితే మధురైకి పోయే దారిలో ఒత్తకడైలోనే, 1965 నుంచి. దినమూ దాని ముందే బస్సులో పోతాం. లోపల ఏం చదువుతారని ఎవరైనా అడిగినామా?

ఈ చదువులో ఉద్యోగాలు తక్కువే, సంపాదన ఆలస్యమే, ఒప్పుకుంటా. సంఘం చెయ్యి అందుకే కావాల. ఇంజనీరు పిల్లోడికి బ్యాంకు అప్పిస్తాది. ఈ పిల్లకు ఎవరిస్తారు?

వచ్చే సర్వసభ్య సమావేశంలో నిధి రూల్లో వ్యవసాయం, ఉద్యానం చేర్చాలని తీర్మానం పెడతా ఉండాను. బలపరిచేవాళ్లు కింద పేరు రాయండి. వద్దనేవాళ్లు కారణం కూడా రాయండి, సారాయి మాట ఒక్కటి తప్ప.